నడివయసు సంసారి సందేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వయసు 47. హాలియా వైపు మా ఊళ్లో సాగర్ ఎడమ కాలువ కింద బాపు పేరు మీద రెండున్నర ఎకరాలుంది, అమ్మా బాపు అక్కడే ఉంటారు. ఇక్కడ అద్దింట్లో నేను, మిషన్ కుట్టే నా భార్య, ఇంటర్ చదివే బిడ్డ, ఎనిమిదో తరగతి కొడుకు. లెక్కలు రాసేవాడికి అన్నీ తెలుసనుకుంటారో ఏమో, టెన్త్ బ్యాచ్ దోస్తులు, బామ్మర్దులు, మా సడ్డకుడు అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతుంటారు. ఒకరికి ఫోన్లో అరగంట చెప్పింది మళ్లీ ఇంకొకరికి చెప్పే ఓపిక లేక ఇట్లా రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు. నేను వకీలునూ కాదు, డాక్టరునూ కాదు. దెబ్బ తిని నేర్చుకున్నవి కొన్ని, అడిగి తెలుసుకున్నవి కొన్ని.

## నలభై దాటిన కొత్తలో: పైసలు, ఒళ్లు

జీతం పెరిగింది, అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. నాకొక్కడికేనా?

మీ ఒక్కరికే కాదు. ఈ వయసులో ఖర్చు మూడు దిక్కుల నుంచి వస్తుంది: పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు, చుట్టాల లగ్గాలు. మొదటి రెండూ తప్పవు. మూడోదాన్ని మాత్రం మనం ఎన్నడూ లెక్క రాయం. నేను ఒక ఏడాది పట్టుబట్టి రాశాను. లగ్గాలు, గృహప్రవేశాలు, పుట్టెంటికల దావత్‌లు, పోయిన చోట రాయించిన కట్నాలు, బట్టలు, కిరాయి కారు, అన్నీ కలిపితే బిడ్డ కాలేజీ ఫీజు కంటే ఎక్కువ తేలింది. నా భార్యకు చూపిస్తే నమ్మలేదు, మళ్లీ కూడింది. అప్పటి నుంచి దగ్గరి చుట్టాలకు ఒక మొత్తం, మిగతావాళ్లకు ఒక మొత్తం అని ఇద్దరం అనుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. అనుకుని ఉండొచ్చు, మన దాకా రాలేదు.

బామ్మర్ది లోన్‌కు ష్యూరిటీ సంతకం అడుగుతున్నాడు. కాదంటే ఇంట్లో లొల్లి. ఏం చెయ్యాలి?

ముందు ఆ సంతకం అంటే ఏమిటో తెలుసుకోండి. "పేరుకే, బావా" అంటారు కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో, వేరే షరతు రాసుకుంటే తప్ప జమానతు పడ్డవాడి బాధ్యతా అంతే. అప్పు ఇచ్చినవాళ్లు ముందు అతన్ని అడిగి, అతను కట్టలేకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం ఏదీ లేదు. అతను కిస్తీ ఎగ్గొడితే మీ సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది, రేపు బిడ్డ చదువు లోన్‌కు వెళ్తే ఆ మచ్చ కనిపిస్తుంది.

నేను ఒకసారి మా దూరపు చిన్నాయన చిట్టీకి సంతకం పెట్టి, పద్నాలుగు నెలలు నా జీతంలోంచి కట్టాను. ఆయన ఇప్పటికీ ఎదురుపడితే "బాగున్నావా బిడ్డా" అని పలకరిస్తాడు, చిట్టీ మాట ఎత్తడు. కాబట్టి నా లెక్క ఇది: ఆ మొత్తం నేనే కట్టాల్సి వస్తే తట్టుకుంటానా? తట్టుకుంటానంటేనే సంతకం. లేదంటే "సంతకం పెట్టను కానీ నా వల్లయ్యేది ఇంత, ఇది తీసుకో" అని చేతిలో ఎంతో కొంత పెట్టండి. లొల్లి వారం ఉంటుంది, కిస్తీలు ఏళ్లు ఉంటాయి.

చేబదులు ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నా. ఎన్నేళ్లు చెల్లుతుంది?

అడిగినప్పుడు ఇస్తానని రాసే మామూలు నోటైతే రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ లోపు కోర్టుకు వెళ్లకపోతే కాలదోషం పడుతుంది. మూడేళ్లు నిండకముందే అతను కొంత పైకం కట్టి, ఆ సంగతి నోటు వెనక రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. చాలామంది "మనవాడే కదా, ఎట్లా అడుగుతాం" అని మూడో ఏడు దాటించేస్తారు. అడగండి. వెయ్యి రూపాయలు కట్టించుకుని వెనక రాయించుకున్నా చాలు. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం తీసుకోవద్దు, ఇవ్వవద్దు.

అర్జెంటుగా లక్ష కావాలి. ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తేవాలా, బంగారం కుదువ పెట్టాలా?

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షకు ఏడాదిలో 24 వేలు. బ్యాంకులో బంగారం మీద లోన్ సాధారణంగా రూపాయి మిత్తి లోపే దొరుకుతుంది, అంటే 12 శాతం లోపు. బంగారం బ్యాంకులో పెడితే పరువు పోతుందని ఊళ్లో రెట్టింపు మిత్తి కట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఒకటే జాగ్రత్త: గడువు తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి. వేలం నోటీసు వచ్చేది మీ పాత అడ్రస్‌కు.

మిల్లులో క్యాంపు పెడితే బీపీ 150 చూపించింది. తలనొప్పి కూడా లేదు. మాత్ర వేసుకోవాల్నా?

తలనొప్పి ఉంటేనే బీపీ అనుకోవడమే మన పెద్ద పొరపాటు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. నాకు కాంటా గదిలో నర్సమ్మ చూసినప్పుడు 164/102 వచ్చింది. "ఇప్పుడే మెట్లెక్కి వచ్చానమ్మా" అన్నాను. "సరే, కూర్చోండి" అని పది నిమిషాలాగి మళ్లీ చూసింది. 160. మూడోసారి ఇంకో చేతికి చూడమన్నాను. ఆమె నవ్వి, చీటీ రాసిచ్చి, తర్వాతివాణ్ని పిలిచింది.

ఒక్క రీడింగ్‌తో భయపడొద్దు, ఒక్క రీడింగ్‌ను కొట్టిపారేయనూ వద్దు. చాయ్, బీడీ, సిగరెట్ తాగిన అరగంట వరకు చూపించుకోకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టి, రెండు వేరు వేరు రోజుల్లో చూపించుకోండి. 140/90 లేదా అంతకు పైనే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు, ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. బీపీ తగ్గిందని మాత్ర ఆపేయకండి, తగ్గింది మాత్ర వల్లే. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను దాటొద్దంటారు. మన తొక్కులు, పచ్చిపులుసు, బజ్జీలు లెక్కేస్తే మధ్యాహ్నానికే దాటేస్తాం.

షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. అన్నం మానేసి జొన్నరొట్టె తింటే సరిపోతుందా?

రైస్ మిల్లు జీతం తింటూ అన్నం మానెయ్యమని చెప్పలేను. మానక్కర్లేదు, తగ్గించాలి. పరగడుపున 100 నుంచి 125, లేదా మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే బార్డర్. 126, 6.5 చేరితే షుగర్ కిందే లెక్క, ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేస్తారు. జొన్నరొట్టె మంచిదే, కానీ మంచిదని ఐదారు లాగిస్తే ఫలితం ఏముంది? ముందు కూర సగం కంచం, తర్వాత పప్పో గుడ్డో, చివర అన్నం. రాత్రి తిన్నాక ఇరవై నిమిషాల నడక. నాకు పనిచేసింది ఇంతే, కషాయాలు కాదు.

## పిల్లలు టెన్త్ దాటేటప్పుడు

బిడ్డను ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టల్‌లో వెయ్యాలా, ఇక్కడే చదివించాలా?

నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే, అందుకే ఈ ఆశ. పిల్ల ఒంటరిగా ఉండి చదువుకోగలదా అన్నది మీకు తెలుసు, కాలేజీ ఏజెంటుకు తెలియదు. మా బిడ్డ మొదటి ఏడాది ఒక పేరున్న హాస్టల్ కాలేజీలో చేరింది. ఆదివారం ఫోన్లో "బాగున్నా నాన్నా" అనేది, మిగతా ఏమీ చెప్పేది కాదు. దసరాకు వచ్చినప్పుడు బతుకమ్మ పేరుస్తూ పేరుస్తూ పూల ముందే కూర్చుని ఏడ్చింది. నెత్తిలో వెంట్రుకలు ఊడి ఉన్నాయి. కట్టిన ఫీజు వాపసు ఇచ్చేది లేదన్నారు. పోయింది పోయింది, తెచ్చేసి ఇక్కడ చేర్పించాను.

ఇంకో సంగతి. తెలంగాణలో ఎంసెట్ పేరు 2024 నుంచి ఈఏపీసెట్. 2023 నుంచి ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు. ఇంజినీరింగ్ అర్హతకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం వస్తే చాలు. కాబట్టి 990 మార్కుల కోసం పిల్లల్ని నిద్ర లేకుండా రుద్దడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

కొడుక్కి లెక్కలంటే భయం. అందరూ ఎంపీసీ అంటున్నారు. వేరే దారి లేదా?

ఎందుకు లేదు. చేత్తో పని నచ్చే పిల్లవాడైతే టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏట చేరొచ్చు. కాకపోతే డిప్లొమాలోనూ లెక్కలుంటాయి, తప్పించుకోవడానికి అటు పంపకండి. లెక్కలు అసలు వద్దంటే సీఈసీ, హెచ్ఈసీ ఉన్నాయి. ఐటీఐ ఉంది. మా మిల్లులో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ ఐటీఐ చదివినవాడే, ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న నాకంటే ఎక్కువ తెచ్చుకుంటాడు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, ఇంజినీరింగ్‌కు పైసలెందుకు దాచాలి?

దాచాలి. ఇన్నాళ్లూ నడుస్తున్న పద్ధతిలో బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపైతే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35 వేల వరకే. మిగతాది మన జేబులోంచే. పైగా బకాయిలు రాలేదని కాలేజీలు ముందు మనల్నే కట్టమంటాయి, సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటాయి. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు కౌన్సెలింగ్ వారంలో మీసేవకు పరుగెత్తితే అక్కడ ఊరంతా ఉంటుంది. ఎండాకాలంలోనే తీసిపెట్టుకోండి.

బిడ్డ పేరు మీద సుకన్య ఖాతా ఇప్పుడు తెరవొచ్చా?

బిడ్డకు పదేళ్లు నిండకముందే తెరవాలి, ఆ తర్వాత కుదరదు. ఏడాదికి కనీసం 250, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు పూర్తవుతుంది. 18 నిండినా లేదా టెన్త్ పాసైనా చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. బిడ్డ వయసు దాటిపోయి ఉంటే పోస్టాఫీసులో పీపీఎఫ్ చూడండి. మేము తెరిచింది బిడ్డకు తొమ్మిదేళ్ల పది నెలలప్పుడు, అదీ పోస్ట్‌మ్యాన్ గుర్తు చేస్తే.

బిడ్డ ఇంకా చదువుతానంటోంది. చుట్టాలు సంబంధాలు తెస్తున్నారు. కాదంటే మళ్లీ రావేమోనని టెన్షన్.

వస్తాయి. చదువుకుని ఉద్యోగం చేసే పిల్లకు సంబంధాలు తక్కువై ఎవరింట్లోనూ ఆగలేదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నుంచి నేరమే, అది అందరికీ తెలుసు, అయినా ఎకరమో ప్లాటో అడుగుతూనే ఉన్నారు. ఆ ఎకరం ధరలో సగం చదువుకు పెడితే బిడ్డ తన కాళ్ల మీద తను నిలబడుతుంది. తెచ్చిన పెద్దమనిషికి చాయ్ ఇచ్చి, "పిల్ల చదువు అయ్యాక మేమే వస్తాం కాకా" అని పంపండి. ఆ మాట బిడ్డ వింటుండగా అనండి.

## అమ్మా బాపు పెద్దవాళ్లయ్యాక

బాపు ఊరు విడిచి రానంటున్నాడు. పట్నంలో ఉండి ఎట్లా చూసుకోవాలి?

రానంటే బలవంతంగా తేకండి. మా బాపును ఒకసారి తెచ్చాం. నాలుగో రోజు పొద్దున్నే సంచీ పట్టుకుని బస్టాండులో దొరికాడు. "ఈడ గోడలు తప్ప మనుషులు కనబడతలేరు" అన్నాడు. ఊళ్లోనే ఉండనివ్వండి, కానీ మూడు ఏర్పాట్లు చేయండి. రోజూ ఒకసారి తొంగిచూసే ఒక మనిషి, ఆ మనిషి దగ్గర మీ నంబరు. ఏ మాత్ర ఎప్పుడో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించిన కాగితం. రాత్రిపూట బాత్రూం దారిలో లైటు. పడిపోయి తుంటి విరగడం చిన్న విషయం కాదు, ఆ తర్వాత చాలామంది మంచం దిగలేదు. అమ్మ మాత్రం ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి నెలకు రెండుసార్లు పచ్చళ్ల డబ్బాతో దిగుతోంది, అది ఆమె ఏర్పాటు.

ఒక్కసారిగా మూతి వంకర పోయి మాట తడబడితే ఏం చెయ్యాలి?

ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు. మూతి ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగొద్దు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ చేసి చూశాకే. అందుకే స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

మా పెద్దబాపుకు పొద్దున ఆరింటికి వచ్చింది. గాలి సోకిందని ఒకరు, పసరు పోయించాలని ఒకరు, ఎవరో పక్క మండలంలో మందిస్తారని ఇంకొకరు. ఆటోలో అక్కడికి పోయి, వరసలో కూర్చుని, వాపసు వచ్చి, ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. కుడి చెయ్యి ఇప్పటికీ లేవదు, ఎడమ చేత్తో తింటాడు. నోట్లో నీళ్లు, నిమ్మరసం, మాత్ర ఏదీ పొయ్యొద్దు, గొంతులో ఇరుక్కుంటుంది.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. ఏ ఆస్పత్రికైనా పోవచ్చా?

పోకూడదు. పథకంలో ఉన్న ఆస్పత్రి, పథకంలో ఉన్న వైద్యం, రెండూ కుదరాలి. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఆస్పత్రి గేటులో అడుగుపెట్టగానే క్యాష్ కౌంటర్ వైపు కాకుండా పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లండి. బయల్దేరేముందు 104కు ఫోన్ చేసి అడగొచ్చు. ముందే డిపాజిట్ కట్టి తర్వాత ఆరోగ్యశ్రీలో వేయండి అంటే తిప్పలు పడతారు. ఆహార భద్రత కార్డు, ఆధార్ జిరాక్సులు అమ్మ సంచిలో ఒక సెట్, మీ ఫోన్లో ఫొటోలు.

ఇంట్లో భగీరథ నల్లా ఉంది. రుచి లేదని అమ్మ బోరు నీళ్లే తాగుతోంది. కాచి ఇస్తే సరిపోతుందా?

ఫ్లోరైడ్ ఉన్న ఊరైతే సరిపోదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లా నీళ్లు కుండలో పోసి ఒక రాత్రి ఉంచండి, క్లోరిన్ వాసన తగ్గుతుంది. మా అమ్మ కుండ నీళ్లంటే ఏమీ అనకుండా తాగింది.

అమ్మ మందుల ఖర్చు నేనొక్కడినే పెడుతున్నా. తమ్ముణ్ని అడిగితే బాగుంటుందా?

అడక్కపోతేనే బాగుండదు. నోరు మూసుకుని ఐదేళ్లు పెట్టి, ఆరో ఏడు ఏ దశదినకర్మ నాడో అందరి ముందు కక్కేస్తాం, అప్పుడు మిగిలేది ఏమీ ఉండదు. ఇద్దరి ఆదాయం ఒకటి కాదు కాబట్టి సగం సగం అనకండి. "నేను మందులు చూసుకుంటా, నువ్వు కరెంటు బిల్లు, పనిమనిషి చూసుకో" అంటే వాడికీ గౌరవంగా ఉంటుంది. పిల్లలు అసలే పట్టించుకోని ఇళ్లలో 2007 నాటి చట్టం కింద తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతదాకా తెచ్చుకోకండి.

## పొలం, ప్లాటు, పంపకాలు

పొలం బాపు పేరు మీదే ఉంది. ఇప్పుడే నా పేరుకు మార్పించుకోవాలా?

రెండు వైపులా చూడాలి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకే. 2018 ఆగస్టు నుంచి ఉంది, ఎట్లా చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. బాపుకు అరవై దాటాయంటే ఆ పొలం మీద ఎవరికీ బీమా లేదు. కొంత మీ పేరు మీదకు వస్తే మీకు వస్తుంది. ఇది చాలామందికి తట్టదు.

రెండో వైపు, పట్టా మొత్తం కొడుకుల పేరున అయ్యాక కంచంలో అన్నం తగ్గిన తండ్రులను ఊరికొకరిని చూపించగలను. మా బాపు ఎకరం నాకు, ఎకరం తమ్మునికి గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసి, అర ఎకరం ఉంచుకుంటానంటున్నాడు. "ఆ అర ఎకరం ఉన్నన్ని రోజులు మీరు ఫోన్ చేస్తారు" అని నవ్వుతాడు. అమ్మను, అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి మాట్లాడాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి.

మా తాత తెల్లకాగితం మీద కొన్న భూమి. సాగులో మేమే ఉన్నాం, పట్టా లేదు. ఇప్పుడేమైనా దారి ఉందా?

భూమి రికార్డులకు ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. అందులో సాదాబైనామాలకు, అంటే ఇట్లా తెల్లకాగితం మీద కొన్నవాటికి వీలు కల్పించారు, కానీ అందరికీ కాదు: 2014 జూన్ 2కు ముందు కొన్నదై, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు పెట్టుకుని ఉండాలి. ఆ రసీదు వెతకండి. మా ఇంట్లో అది బాపు సందూకలో, పెళ్లి శుభలేఖల కింద, సగం ఎలుకలు కొట్టి దొరికింది. అదృష్టం, నంబరు ఉన్న సగం మిగిలింది.

చెల్లెళ్లకు లగ్గాలు ఘనంగా చేశాం. వాళ్లకూ పొలంలో వాటా ఇవ్వాలా?

చట్టం ప్రకారం లగ్గం ఖర్చు వాటా కిందికి రాదు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన హక్కు 2005 సవరణతో దేశమంతా వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని ఆడపిల్లలకు అంతకుముందే 1985 సెప్టెంబరు నుంచి ఉంది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లె వద్దంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం కావాలి, రాఖీ నాడు నోటిమాటగా అన్నది చెల్లదు. నా అభిప్రాయం అడిగితే, వాళ్లు వద్దన్నా సరే ఒకసారి "నీ వాటా ఇది, ఏం చేద్దాం" అని అడగండి. అడిగించుకోవడం వేరు.

చౌటుప్పల్ దగ్గర ప్లాటు, రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది, వెంటనే కొనాలంటున్నారు. కొనాలా?

వెంటనే అన్నదే అనుమానం. బ్రోచర్ మీది గుర్రం బొమ్మ, ఈతకొలను బొమ్మ చూడకండి. లేఅవుట్‌కు సర్కారు సంస్థ డీటీసీపీ లేదా హెచ్ఎండీఏ ఇచ్చిన అనుమతి నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా లేదా, చూడాల్సినవి ఇవి. ఆ రెండు వారాలు ఆగనివ్వని ఏజెంటు దగ్గర అసలే కొనకండి. బంగారం అమ్మి, ఊళ్లో మిత్తికి తెచ్చి ప్లాటు కొన్నవాళ్లు ఇప్పుడు ఆ మిత్తి కట్టడానికి దాన్నే అమ్మకానికి పెట్టారు, కొనేవాడు దొరకడం లేదు.

వడ్లు ఐకేపీ కాంటకు (మహిళా సంఘాలు నడిపే సర్కారు కొనుగోలు కేంద్రానికి) పెట్టాలా, పచ్చివే మిల్లుకు తోలాలా?

మిల్లువాడిగా కాకుండా రైతు కొడుకుగా చెబుతాను. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,369, ఏ గ్రేడు 2,389, తేమ 17 శాతం లోపుండాలి, సన్నాలకు రాష్ట్రం 500 బోనస్ అంటోంది. ఆరబోసే జాగా, టార్పాలిన్లు, పది రోజుల ఓపిక ఉంటే కాంటకే వెళ్లండి. మబ్బు పట్టిందా, కూలీలు లేరా, అప్పుడు పచ్చివి అమ్మినవాణ్ని తప్పుపట్టలేం. ఎక్కడైనా సరే కాంటా దగ్గర నిలబడండి, తరుగు ఎంతో ముందే అడిగి, తూకం చీటీ చేతికొచ్చేదాకా కదలకండి.

## మన తర్వాత, మన లోపల

నామినీ రాశాను. ఇంక వీలునామా ఎందుకు?

బ్యాంకులో నామినీ అంటే పైకం అందుకునే మనిషి, యజమాని కాదు. వారసులు అడిగితే పంచాల్సి వస్తుంది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవ తక్కువ. నామినీ పేర్లు కూడా ఒకసారి చూసుకోండి. నా పీఎఫ్‌లో లగ్గానికి ముందు రాసిన అమ్మ పేరే ఇరవై ఏళ్లు అట్లాగే ఉంది.

తక్కువ ప్రీమియంతో బీమా ఏముంది?

బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్ష బీమా. మొదటిది ఎట్లా చనిపోయినా 2 లక్షలు, యాభై ఏళ్ల లోపు చేరాలి, 55 దాకా ఉంటుంది. రెండోది ప్రమాదానికి 2 లక్షలు, 70 దాకా. మే నెలాఖరులో ఖాతాలో బ్యాలెన్స్ లేకపోతే ఆగిపోతాయి. ఇవి చాలవు, లోన్లు ఉన్నవాళ్లు టర్మ్ పాలసీ చూసుకోండి, బీడీ, సిగరెట్, మందు అలవాట్లు దాచకుండా రాయండి.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి లెక్కలన్నీ తలలో తిరుగుతాయి. ఎవరికి చెప్పుకోవాలి?

మొదట ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే 14416, టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మగవాడు ఏడవకూడదన్న మాట మనకు ఎవరు నేర్పారో కానీ, సీసా పట్టుకోవడం మాత్రం తప్పు కాదన్నట్టు నడుస్తోంది. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస పోతే అది టెన్షన్ కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాకేమైనా అయితే నా భార్యకు ఏది ఎక్కడుందో తెలియదు. ఎట్లా మొదలుపెట్టాలి?

ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ తీసుకోండి. ఖాతాలు, పాలసీలు, మనం ఇవ్వాల్సినవి, మనకు రావాల్సినవి, పట్టా పాసుపుస్తకం ఎక్కడుందో, గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరునో రాయండి. ఓటీపీలు వచ్చే ఫోన్ లాక్ ఆమెకు తెలియాలి. అప్పులు దాచకండి, అసలు చెప్పాల్సింది అవే.

నేను రాసి బీరువా పై అరలో పెడుతూ నా భార్యను పిలిచి చూపించాను. ఆమె మిషన్ ఆపి వచ్చి, పేజీలన్నీ తిప్పి, "మరి నావి?" అంది. నీవేమున్నాయి అన్నాను. పెన్ను తీసుకుని కూర్చుంది. మహిళా సంఘం పొదుపు, వీధిలో వేసిన చిట్టీ, వాళ్ల అక్కకు ఇచ్చిన పన్నెండు వేలు, కుట్టుకూలి రావాల్సిన నలుగురి పేర్లు. రెండు పేజీలయ్యాయి. ఇరవై రెండేళ్లలో అందులో ఒక్కటీ నాకు తెలియదు.